కొలత ఉంటేనే

నవంబర్ 30, ఆదివారం

నోరు జారాను. ఆరాధన అయిపోయాక సండే స్కూల్ టీచరమ్మ లేచి ఈ ఏడాది క్రిస్మస్ నాటకం సంగతి చెప్పింది. గొర్రెల కాపరులు, జ్ఞానులు, పన్నెండు మంది దేవదూతలు. దేవదూతలంటే ఏముంది, నాలుగైదేళ్ళ పిల్లలకి తెల్ల గౌన్లు తొడిగి వీపుకి అట్టముక్క రెక్కలు కట్టడమే. వేదిక దగ్గర నేలంతా రాయి. పోయినేడాది పిల్లలు వట్టికాళ్ళతో నిలబడి జలుబులు తెచ్చుకున్నారని ఒకావిడ సణిగింది. మేజోళ్ళు వేయిద్దామని ఇంకొకావిడ. జారిపడితే ఎవరిది పూచీ అని మరొకావిడ. కాలికి వేస్తే మెడకి, మెడకి వేస్తే కాలికి. వినలేక లేచి నిలబడి, "బూట్లు నేను చేస్తాను" అన్నాను.

చర్చి మొత్తం నా వైపు తిరిగింది. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"పన్నెండు జతలా బ్రదర్?"

"పన్నెండు జతలే. తెల్ల తోలుతో. ఊరికే. కానీ పిల్లల్ని కొట్టుకి తీసుకురావాలి. కొలత నా చేత్తో నేనే తీస్తాను. మనిషి లేకుండా కొలత నేను ఒప్పుకోను."

బయటికొచ్చాక చర్చి గంట కొట్టే గంటాయన నా చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. చిన్నప్పటి నుంచీ వాడితో ఇదే గోల. "ఒరేయ్, ఒంట్లో బాగానే ఉందా? పిల్లికి బిచ్చం పెట్టనివాడివి, ఏంటీ ధర్మం?" అన్నాడు. పిల్లల కాళ్ళు చల్లబడకూడదని అన్నాను. దేవదూతల్లో నీ మనవరాలు కూడా ఉంది, తెలుసా అన్నాడు. తెలియదన్నాను.

తెలియదు మరి. ఉంటే ఉంది. నా కూతురి కూతురే, కాదనను. నాలుగేళ్ళు వచ్చినా దాని మొహం ఎదురుగా చూసింది లేదు. వాళ్ళు ఎడమవైపు చివరి బల్లలో కూర్చుంటారు, నేను కుడివైపు ముందు బల్లలో. ప్రార్థన మధ్యలో వెనక్కి తిరిగి చూసే అలవాటు నాకు లేదు.

డిసెంబర్ 1

కొట్టు ఊడ్చాను. కిటికీ అద్దం తుడిచాను. తోలు ముక్కల కుప్ప కింద నుంచి మా ఆవిడ కుర్చీ బయటపడింది. నా భార్య పోయాక ఈ కొట్టు ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. ఒక పొట్టి పీట, దానికెదురుగా పిల్లలకి అందేట్టు ఒక అద్దం పెట్టాను. బిస్కెట్ల డబ్బా కొన్నాను. పిల్లలొస్తారు కదా, ఏడిస్తే నోట్లో పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి.

డిసెంబర్ 3

పొద్దుటి నుంచి పిల్లలే. తల ప్రాణం తోకకి వచ్చింది.

కొలత తీయడమంటే అందరూ గీత గీయడం అనుకుంటారు. కూర్చోబెట్టి గీస్తే దండగ. నిలబెట్టాలి. ఒంటి బరువంతా పడితేనే పాదం ఎంత పరుచుకుంటుందో తెలుస్తుంది. పెన్సిలు నిటారుగా పట్టుకోవాలి, వాలిందంటే గీత మోసం చేస్తుంది. పిల్లలు కాగితం మీద కుదురుగా నిలబడరు, ఊగుతుంటారు. నేను కింద కూర్చుని గీస్తుంటే ఊతకి నా తల పట్టుకుంటారు. తల మీద జుట్టు లేదాయె, చేతులు జారిపోయి చెవులు దొరకబుచ్చుకుంటారు.

టైలరు కొడుకు, "తాతా, నీ గుండు మీద మచ్చ ఉంది" అన్నాడు. ఎవడ్రా నీకు తాత అన్నాను. వాడు నవ్వాడు. వచ్చిన ప్రతివాడూ తాతా అనే పిలిచాడు. ఎవరూ నేర్పక్కర్లేదు, గుండు చూస్తే చాలు, నోట్లోంచి అదే వస్తుంది.

కాగితం మూల ఎవరి పిల్లో రాసి పెట్టుకున్నాను. టైలరు కొడుకు, పాలాయన మనవరాలు, నర్సమ్మ కవల పిల్లలు. పదకొండు కాగితాలయ్యాయి. పన్నెండోది ఖాళీగా బల్ల మీదే ఉంది.

డిసెంబర్ 4

రాలేదు.

ఎంత దూరమని? వెనక వీధిలోనే ఉంది ఆ షోరూం. అద్దాల తలుపు, లోపల చల్లగాలి, పైకప్పు దాకా పేర్చిన పెట్టెలు, పెట్టెల్లో ఫ్యాక్టరీ బూట్లు. కాలికి తగ్గ బూటు ఉండదక్కడ, బూటుకి తగ్గ కాలు తెచ్చుకోవాలి. అది తెరిచిన ఏడాదే నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది అటు వెళ్ళారు. మిగిలినవాళ్ళు ఊడిన అడుగులు అంటించుకోవడానికి వస్తారు, అవీ అక్కడ కొన్నవే. దాంట్లో సేల్స్‌మన్ నా అల్లుడు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. ఇక్కడ అంగడీ అల్లుడిదే, శని మాత్రం నా నోట్లో.

ఊళ్ళో ఇంకెవరూ మగాళ్ళు లేనట్టు మా అమ్మాయి ఆ మనిషిని నా కొట్టుకి తీసుకొచ్చి, "నాన్నా, ఇతన్నే చేసుకుంటా" అంది. అతను నవ్వుతూ చెయ్యి చాచాడు. నేను మొహం చూడలేదు. కాళ్ళకున్న ఫ్యాక్టరీ బూట్లు చూశాను, మడమ దగ్గర జిగురు ఊడుతోంది. ఆ రోజు నేనన్న మాట పొల్లు పోకుండా గుర్తుంది: "ఇవాళ్టి నుంచి నేను నీకు నాన్నని కాను. బూట్లు చేసేవాణ్ణి. కొలత ఉంటేనే ఈ గడప తొక్కు."

బాగా అన్నాను. ఇప్పుడడిగినా అదే అంటాను.

అయితే ఇప్పుడు కొలత ఉంది కదా! మొన్న టీచరమ్మ పేర్లు చదువుతూ చివర చిన్నదాని పేరు చదవగానే నాకు తట్టింది ఇదే. నేను పిలిచినట్టూ కాదు, తను దిగొచ్చినట్టూ కాదు. కొలతకి వచ్చింది, పీట మీద పిల్లని నిలబెట్టింది, వెళ్ళింది. ఎవరి మాటా పోదు. ఆమాత్రం తెలుసుకోలేదా? నా కడుపున పుట్టిందేగా.

డిసెంబర్ 5

రాలేదు.

డిసెంబర్ 6

రాలేదు. బిస్కెట్లు మెత్తబడ్డాయి.

డిసెంబర్ 7, ఆదివారం

ఆరాధన అయ్యాక టీచరమ్మ మడత పెట్టిన కాగితం నా చేతిలో పెట్టింది. "మీ అమ్మాయి ఇచ్చిందండీ. క్రిస్మస్ రద్దీ కదా, షోరూంలో ఇద్దరూ ఉండాల్సి వస్తోందట. కొట్టుకి రావడం కుదరదట."

"కుదరదా, కుదుర్చుకోదా?"

"అది నాకేం తెలుసండీ" అంది పాపం టీచరమ్మ.

అక్కడ విప్పలేదు. ఇంటికొచ్చి విప్పాను. పాదం గీసిన కాగితం, రెండు కాళ్ళూ. ఒక ముక్క రాత లేదు. ఫలానా వారికి అని కూడా లేదు. కరెంటు ఆఫీసు వాళ్ళు కూడా కాగితం మీద అయ్యా అని రాస్తారు.

గీతలో వంక పెట్టడానికి ఏమీ లేదు. నిలబెట్టి గీసిందే. వేళ్ళ చివర చుక్కలు, మడమ మధ్యలో అడ్డగీత. నేను నేర్పిన పద్ధతే. ఎనిమిదేళ్ళప్పుడే నా పక్కన కూర్చుని వచ్చినవాళ్ళందరి కాళ్ళూ గీసేది.

కొలత పంపింది. తను రాలేదు.

డిసెంబర్ 8

పొద్దున మళ్ళీ చూశాను. గీత తప్పు.

వేళ్ళ దగ్గర ఆ వెడల్పేంటి? విసనకర్ర తెరిచినట్టుంది. మా వంశంలో అంత వెడల్పు పాదం ఎవరికీ లేదు. పెన్సిలు వాలి ఉంటుంది. లేదా షోరూం కౌంటరు మీద హడావిడిగా గీసి ఉంటుంది. అలవాటు తప్పిన చెయ్యి, ఏం గుర్తుంటుంది?

అటక మీది పెట్టె దించాను. దాంట్లో మా అమ్మాయి కొయ్యపాదం ఉంది. దానికి నాలుగేళ్ళప్పుడు నేను చెక్కింది. దాని మీదే తోలు బిగించి బూట్లు కుట్టేవాణ్ణి. చిటికెన వేలి దగ్గర చిన్న బొడిపె ఉంటుంది, దాని చిటికెన వేలు కాస్త బయటికి వంగి ఉండేది మరి. తీసుకొచ్చి కాగితం మీద పెట్టాను. పొడవు వెంట్రుకవాసి తేడా లేదు! వెడల్పులోనే గీత రెండు పక్కలా బయటికి మిగిలింది. అంటే పొడవు నిజం, వెడల్పు అబద్ధం. ఆడపిల్లకి తల్లి పాదమే వస్తుంది. ఇన్ని వేల కాళ్ళు చూశాను, నాకు తెలియదా?

గంటాయన టీకి వచ్చి చూస్తున్నాడు. "కాగితం మీద ఉన్నట్టు చేస్తే నీ సొమ్మేం పోతుందిరా?"

"కాగితం తప్పు."

"కాలున్న పిల్ల తల్లి గీసింది తప్పు, కాలు చూడని నువ్వు చెప్పేది ఒప్పా?"

"నువ్వెళ్ళి గంట కొట్టుకో."

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆ కుందేలుకి కూడా బూట్లు మూడే కుడతావ్" అని టీ సగంలో వదిలేసి పోయాడు.

డిసెంబర్ 12

పదకొండు జతలకి తోలు కోయడం అయింది. వేలికి తోలు కుట్టే ఆరె గుచ్చుకుంది. ఇన్నేళ్ళు వాడిన ఆరె, చేతికి ఇంత తెలిసిన ముల్లు, అదీ గుచ్చుకుంటుంది.

డిసెంబర్ 15

పన్నెండో జత ఇవాళ మొదలుపెట్టాను. దీనికి వేరే తోలు. నా భార్యకి చేద్దామని దాచి, చేయకుండానే మిగిలిపోయిన మేకతోలు. చెంప మీద పెట్టుకున్నా గరుకు తెలియదు. అందరికీ అదే వేద్దునుగానీ పన్నెండు జతలకి చాలదు. ఎవరో ఒకరికి వేయాలి కదా.

డిసెంబర్ 17

అయింది. నేను ఇంతకన్నా మంచి జత చేయలేదు. అబద్ధమెందుకు, ఒకప్పుడు చేశాను, ఇదే కొయ్యపాదం మీద.

డిసెంబర్ 19

సాయంత్రం చర్చిలో రిహార్సల్. పదకొండు జతలు సంచీలో వేసుకుని వెళ్ళాను. ఒక్కొక్కరిని బల్ల మీద కూర్చోబెట్టి తొడిగాను. ఒక్కటి బిగువు లేదు, ఒక్కటి వదులు లేదు. తల్లులు నోళ్ళు వెళ్ళబెట్టారు. పాస్టరుగారి భార్య ఒక బూటు చేతిలోకి తీసుకుని, "ఇంత బాగా చేసేవాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట" అంది. ఉన్నాను, వెనక వీధిలోకి వెళ్ళే దారిలోనే ఉన్నాను, మీరే అద్దాల తలుపు దాకా వెళ్ళిపోతున్నారు అందామనుకున్నాను. పండగపూట ఎందుకులే అని మింగేశాను.

పన్నెండో జత కావాలనే కొట్టులో వదిలేసి వెళ్ళాను. ఇంకా కుట్టు మిగిలిందని టీచరమ్మతో చెప్పాను. కుట్టు లేదు, ఏమీ లేదు. కావాలంటే వచ్చి తొడిగించుకుని తీసుకెళ్ళాలి.

అప్పుడు వచ్చాడు షోరూం. చిన్నది అతని భుజం మీద నిద్రపోతోంది.

"బాగున్నారా మామయ్యగారూ?"

నేను సంచీ మడత పెట్టుకుంటున్నాను.

"పాపని తెచ్చాను. బూట్లు ఒకసారి వేసి చూద్దామా?"

"నా చేతి బూటుకి ట్రయల్ ఉండదు. అది మీ షోరూంలో."

"సరేనండీ" అన్నాడు. కోపం రాలేదు మనిషికి. కోపం రానివాళ్ళంటే నాకు మొదటి నుంచీ పడదు. చిన్నదాని కాలు అతని చేతి కింద నుంచి నా ముందే వేలాడుతోంది, పసుపురంగు మేజోడు. నేను చూడలేదు. చూడాల్సిన పనేముంది, కాగితం ఉంది, కొయ్యపాదం ఉంది.

డిసెంబర్ 20

ఎవరూ రాలేదు.

డిసెంబర్ 22

రెండుసార్లు తలుపు చప్పుడైంది. ఒకటి గాలి. ఒకటి అడుగు ఊడిన బూటు. అదీ ఆ షోరూందే.

డిసెంబర్ 23

రాలేదు. పిల్ల వట్టికాళ్ళతో నిలబడుతుందని కూడా లేదా తల్లికి? అంత పంతమా! ఎవరి పోలికో.

డిసెంబర్ 25

నిన్నటిది రాసేయాలి. రాయకపోతే లోపలే తిరుగుతూ ఉంటుంది.

సాయంత్రం ఆ జత కోటు జేబులో పెట్టుకుని నేనే వెళ్ళాను. పెట్టెలో పెట్టలేదు, ఏదో కానుక పట్టుకెళ్తున్నట్టుంటుందని. వేదిక వెనక గదిలో పిల్లల్ని తయారుచేస్తున్నారు. రెక్కలు, తళుకుల కాగితం, ఒకడి కిరీటం ఇంకొకడు తొక్కడం, కాపరి పాత్రవాడు గొర్రెపిల్ల బొమ్మ కోసం ఏడవడం. టీచరమ్మ చేతికి బూట్లిచ్చి నేను తలుపు పక్కన నిలబడ్డాను. ఉండాలని కాదు. బయట జనం, వెళ్ళడానికి దారి లేదు.

అప్పుడు చూశాను చిన్నదాన్ని, ఎదురుగా. కనుబొమ్మలు నా భార్యవి. ఎవరూ చెప్పలేదు నాకు.

టీచరమ్మ పీట మీద కూర్చోబెట్టి కుడికాలికి తొడిగింది. మడమ దిగింది, ముందు భాగం దిగలేదు. నెట్టింది. చిన్నది "నొప్పి" అంది. "కొత్త కదమ్మా, కాసేపాగితే సర్దుకుంటుంది" అని ఇంకోసారి నెట్టింది. అంతే, గది దద్దరిల్లేలా ఏడుపు. మిగతా పదకొండు మంది దేవదూతలూ చుట్టూ చేరారు.

మా అమ్మాయి వచ్చింది. నన్ను చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని బూటు ముందు భాగం మీద బొటనవేలితో నొక్కి చూసింది. అచ్చం నేను నేర్పినట్టే, ముందు బొటనవేలి దగ్గర, తర్వాత చిటికెన వేలి దగ్గర. అక్కడ చెయ్యి ఆగింది. బూటు లాగి తీసి, లోపల వేలు పెట్టి తడిమింది. బొడిపె ఉన్న చోట తోలు ఉబ్బి గుంట పడి ఉంటుంది, అది దొరికింది తనకి.

లేచి నా దగ్గరికి వచ్చింది. అన్నేళ్ళ తర్వాత నాకెదురుగా నిలబడి అన్న మొదటి మాట ఇది:

"దీన్ని నా కొయ్యపాదం మీద చేశావు కదూ?"

నేను కోటు గుండీ పెట్టుకున్నాను.

"దాని పాదం నాది కాదు నాన్నా. వాళ్ళ నాన్నది. వెడల్పు. నిలబెట్టి గీసి పంపాను. రెండుసార్లు సరిచూసి పంపాను. ఆ గీత మీద చేస్తే సరిపోయేదిగా?"

"గీత వాలిందేమో అనుకున్నాను."

"నువ్వు నేర్పిన గీతే అది." అందరూ ఉన్నారని గొంతు తగ్గించింది, తగ్గించాక ఇంకా గట్టిగా తగిలింది. "కళ్ళ ముందున్న మనిషిని చూడవు. కాగితం పంపితే కాగితాన్నీ నమ్మవు. నీకు తెలిసిందే చేస్తావు, అది పట్టకపోతే కాలిదే తప్పంటావు."

బూట్లు రెండూ నా చేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉన్నాయి, పిల్ల కాలి వేడి.

వెనకే వచ్చిన అల్లుడు సంచీలోంచి వేరే జత తీశాడు. తెచ్చుకునే ఉన్నాడు! షోరూం సరుకు, తెల్లవి, అడుగున దీపాలున్నవి. అడుగు వేస్తే ఎర్రగా, ఆకుపచ్చగా వెలుగుతాయే, ఆ రకం. తొడగ్గానే చిన్నది ఏడుపు ఆపేసింది. లేచి ఎగిరి చూసుకుంది. సరిగ్గా సరిపోయాయి. ఎక్కడో ఫ్యాక్టరీలో, ఎవరి కాలూ చూడకుండా, యంత్రం చేసిన బూటు సరిగ్గా సరిపోయింది.

నాటకం మొదలయ్యాక లైట్లు తగ్గించారు. చీకట్లో దేవదూతలు వరసగా వచ్చారు. పదకొండు మంది తెల్లగా, మెత్తగా, చప్పుడు లేకుండా నడిచారు, అది నా పనితనం, ఎవరూ గమనించలేదు. పన్నెండో దేవదూత కాళ్ళ కింద ఎర్రదీపం, ఆకుపచ్చ దీపం. జనం ముందు ముసిముసిగా నవ్వారు, తర్వాత పెద్దగా నవ్వారు, తర్వాత చప్పట్లు. అది చూసి మిగతా పిల్లలు తమవీ వెలుగుతాయేమోనని నేలకేసి తన్నడం మొదలుపెట్టారు. పదకొండు జతలతో రాతినేల మీద దభదభా. గాబ్రియేలు చెప్పాల్సిన శుభవార్త ఆ చప్పుడులో ఎవరికీ వినపడలేదు. పాస్టరుగారు కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

అయిపోయాక టైలరు కొడుకు నా కోటు లాగాడు. "తాతా, మావెందుకు వెలగట్లేదు?"

ఇవాళ ఆరాధనకి వెళ్ళలేదు. గంట మాత్రం వినిపించింది. వాడు మామూలుకన్నా ఎక్కువసేపు కొట్టాడు, నాకోసమే అని తెలుసు. అయినా వెళ్ళలేదు.

మధ్యాహ్నం కేకు ముక్క పట్టుకొచ్చాడు. తింటూ కూర్చున్నాం. ఏమైనా అంటాడని చూశాను. ఏమీ అనలేదు. అదింకా ఒళ్ళు మండించింది.

"అను, అనేదేదో" అన్నాను.

"నేనేమంటాను? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నీకు కాళ్ళ దగ్గర మొదలై కడుపు దాకా వచ్చింది."

"అతను ముందే తెచ్చుకున్నాడు ఆ బూట్లు. నాది సరిపోదని ముందే అనుకున్నాడు. చూశావా వాడి బుద్ధి?"

"పిల్ల వట్టికాళ్ళతో ఉండకూడదని తెచ్చుకున్నాడురా. నువ్వు కూడా అందుకేగా చేస్తానన్నావ్?"

డిసెంబర్ 26

కొట్టు తెరవలేదు.

డిసెంబర్ 27

తెరిచాను. నర్సమ్మ వచ్చి, కవలలు ఆ బూట్లు విప్పకుండా వాటితోనే పడుకుంటున్నారని చెప్పింది. సంతోషమమ్మా అన్నాను. పరాయివాళ్ళ కాళ్ళన్నీ నా చేతికి లొంగుతాయి.

ఆవిడ వెళ్ళాక కాగితం తీసి దాని మీద మేకతోలు బూటు పెట్టాను. గీత రెండు పక్కలా బయటికుంది. మొన్నా అలాగే ఉంది. మొన్న చూసిందీ ఈ కళ్ళే. పిల్లని ఏడిపించాను. నాలుగేళ్ళకి దొరికిన ఒక్క రోజు, దాని కాలు నొక్కి ఏడిపించాను.

అతను మొదటిసారి ఈ కొట్టులోకి వచ్చినప్పుడు బూట్లు చూశాను గానీ కాళ్ళు చూడలేదు. మనిషి వెడల్పు పాదం వాడని అప్పుడే తెలిసి ఉండేది. ఇరుకు బూటులో నిలబడి ఉంటాడు పాపం, నవ్వుతూ.

పాపం అని రాశాను. కొట్టేద్దామనుకుని వదిలేశాను.

డిసెంబర్ 29

కొత్త కొయ్యపాదం మొదలుపెట్టాను. ఊరికే, చెయ్యి ఖాళీగా ఉంటే తోచదు. కాగితం మీద గీత ఎలా ఉంటే అలా. వేళ్ళ దగ్గర బాగా వెడల్పు. చూడ్డానికి అందంగా ఉండదనుకున్నాను గానీ బాగానే ఉంది. నేల మీద గట్టిగా నిలబడే పాదం.

గంటాయనతో అన్నాను, "ఆ షోరూం వాళ్ళతో ఒక మాట చెప్పు. కొలత మళ్ళీ తీయాలని."

"కాగితం ఉందిగా?"

"తడిసిపోయింది."

"ఎక్కడ తడిసింది, పొడిగా బల్ల మీదే ఉందిగా."

"తడిసిందని చెప్పరా బాబూ!"

వాడు నన్ను కాసేపు చూసి, సరే తడిసింది అన్నాడు.

డిసెంబర్ 30

కొట్టు ఊడ్చాను. కొత్త బిస్కెట్లు తెచ్చాను. పీట దగ్గర అద్దం మళ్ళీ తుడిచాను. వస్తే లోపలికి రామ్మా అనాలి. ఆ రోజు అన్న మాట ఆ రోజుతో పోయింది అనాలి. అద్దం ముందు నిలబడి ఒకసారి అని చూసుకున్నాను. నోరు తిరగలేదు. రేపటికి వస్తుందేమో.

డిసెంబర్ 31

వచ్చింది.

ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది. తలెత్తేసరికి గడప అవతల నిలబడి ఉంది, చిన్నదాని చెయ్యి పట్టుకుని. బల్ల మీద కాగితం పొడిగా, అందరికీ కనబడేట్టు ఉంది. ఆమె దాన్నీ చూసింది, పక్కనున్న కొత్త కొయ్యపాదాన్నీ చూసింది. తడిసిందన్నారే అని అడగలేదు.

"కొలతకి వచ్చాం" అంది.

"లోపలికి..." అన్నాను. అమ్మా అనే ముక్క రాలేదు.

"పర్లేదు. నేనిక్కడే ఉంటాను. కొలత దానికేగా."

గడప తొక్కలేదు. చిన్నదాన్ని మాత్రం లోపలికి పంపింది. అది పీట దగ్గరికి వచ్చి, తనే వంగి దీపాల బూట్లు విప్పి పక్కపక్కన పెట్టింది. పద్ధతి గల పిల్ల. బిస్కెట్ ఇస్తే తల్లి వైపు చూసి, తలూపాక తీసుకుంది. కాగితం పరిచి నిలబడమన్నాను. నిలబడింది. బరువంతా పడింది. వేళ్ళు విసనకర్రలా తెరుచుకున్నాయి, కాగితం మీద ఉన్నట్టే.

కింద కూర్చుని పెన్సిలు పట్టుకున్నాను. అది ఊగింది. ఊతకి నా తల మీద చెయ్యి పెట్టింది. చిన్న చెయ్యి, బిస్కెట్ పొడి అంటుకున్న చెయ్యి. జారి చెవి పట్టుకుంది.

మడమ దగ్గర మొదలుపెట్టి చుట్టూ వచ్చాను. ఇంత నెమ్మదిగా ఎవరి పాదమూ గీయలేదు. చిటికెన వేలు దాటి బొటనవేలి దాకా వచ్చేసరికి, నా తల మీది నుంచి ఆ గొంతు వినిపించింది.

"అమ్మా, ఈయనెవరు?"

పెన్సిలు ఆపలేదు. ఆపితే గీత వంకరపోతుంది. తను ఏమంటుందో అని వింటూ ఉన్నాను. వీధిలో ఎవరో సైకిలు మీద వెళ్ళారు. నేనే ముందు అనేయొచ్చు, ఒక్క మాట, రెండక్షరాలు, ఊళ్ళో పిల్లలందరూ ఊరికే అనే మాట. అనలేదు. తననే అననీ అనుకున్నాను.

"బూట్లు చేసే ఆయన" అంది మా అమ్మాయి, గడప అవతల నుంచి.

చిన్నది నా చెవి వదల్లేదు. కుడికాలి గీత మొదలుపెట్టిన చోటికి వచ్చి కలిసింది.

"అవును తల్లీ" అన్నాను. "ఎడమకాలు పెట్టు."